ఇంకా రాని సముద్రానికి కావలి

20 జనవరి 1993
క్యాంపు

అక్కకు, బావకు దండం పెట్టి దేవిదాస్ రాస్తున్నది.

క్షేమంగా చేరాను. విమానంలో కిటికీ పక్క సీటే ఇచ్చారు గాని, రెక్క అడ్డం వచ్చి ఏమీ కనబడలేదు. ఊళ్లో అడిగితే మేఘాలు చూశాడని చెప్పు.

వీసా కాగితంలో తోట పని అని ఉంది. పసుపు తవ్విన చేతులకు తోట పని ఒక లెక్కా అనుకుని ధైర్యంగానే వచ్చాను. మొదటి రోజు పొద్దున మేస్త్రీ నా చేతికి మొక్కల ట్రే ఇచ్చి, సముద్రం వైపు చూపించి "చలో" అన్నాడు. తోట ఎక్కడ అని అడిగాను. మళ్లీ సముద్రమే చూపించాడు. అందరూ దిగుతుంటే నేనూ దిగాను. మోకాలి దాకా బురద. ఆ బురదలోనే నాటుతున్నాం అక్కా, ఉప్పు నీళ్లలో. బతుకుతాయట. ఒకప్పుడు ఇక్కడ ఇలాంటి అడవే ఉండేదట. రోడ్లకని, ఇళ్లకని పూడ్చేశారు. ఇప్పుడు సర్కారు మళ్లీ పెంచుతోంది. మా గదిలో బందరు నుంచి వచ్చినతను వీటిని మడ చెట్లు అంటాడు.

రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది. వచ్చినప్పుడు పని ఆపి ఒడ్డున కూర్చుంటాను. తగ్గాక మళ్లీ లేస్తాను. మొదట్లో భయమైంది, ఇప్పుడు అలవాటైంది. మేస్త్రీ కోప్పడడు. అందరికీ ఉన్నదే అంటాడు.

నా గురించి దిగులు వద్దు. బర్రె ఈనిందా?

నీ తమ్ముడు
దేవిదాస్

14 ఫిబ్రవరి 1993
ఆర్మూర్

తమ్ముడు దేవిదాస్‌కు గంగాబాయి అక్క దీవెనలు.

బర్రె ఈనింది, దూడ మగది. పసుపు ఉడకబెట్టడం నడుస్తోంది. ఇల్లంతా ఆవిరి, ఈ కాగితానికి కూడా పసుపు అంటి ఉంటుంది, ఏమనుకోకు.

నీ ఉత్తరం చదివి నాకు అన్నం సహించలేదు. రోజుకు రెండుసార్లు పోటు వస్తుందని రాశావు. కడుపులోనా, తలలోనా, పక్కటెముకల్లోనా రాయలేదు. అందరికీ ఉన్నదేనట. అంటే అంటువ్యాధి అన్నమాట. నసీర్ హకీం దగ్గరికి పోయి చెప్పాను. ఆయన నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని, "ఉప్పు తక్వ చెయ్యమను బేటీ, ఉప్పుతోనే వచ్చింది గా పోటు" అన్నాడు. చూరణం ఇచ్చాడు. గల్ఫ్‌కు పోయే మనిషి దొరికితే పంపుతాను. అప్పటిదాకా చప్పటి కూర తిను.

ఇంకొక మాట. ధర్పల్లిలో చిన్నయ్య అని ఒక పసుపు రైతు ఉన్నాడు, ఆయన కూతురు నీలవ్వను నీకు చూస్తున్నాం. పిల్ల తొమ్మిది దాకా చదివింది, నిదానస్తురాలు. మొన్న చిన్నయ్య వచ్చి, "పిలగాడు ఆడ ఏం పని చేస్తున్నడు" అని అడిగాడు. తోట పని అన్నాను. ఏం తోట అని అడిగాడు. నాకు అబద్ధం ఎందుకని నీ ఉత్తరమే చదివి వినిపించాను. సముద్రంలో నాటుతున్నాం అన్న దగ్గర ఆయన చాయ కప్పు కింద పెట్టాడు. మళ్లీ ఎత్తలేదు.

మీ బావ పసుపు కొని అమ్మే అడ్తి దుకాణంలో నలుగురినీ అడిగాడు. ఉప్పు నీళ్లలో చెట్టు బతకదని అందరూ ఒకే మాట చెప్పారు. నీ చేత ఎవరో ఏదో చేయిస్తున్నారు. అది ఏమిటో నిజం రాయి.

అక్క గంగాబాయి

8 మార్చి 1993
క్యాంపు

అక్కకు నమస్కారం.

పోటు నాకు కాదు, సముద్రానికి. నీళ్లు ఒడ్డు మీదికి వస్తే పోటు, వెనక్కి పోతే పాటు. ఇది బందరతని మాట, నాకు వేరే మాట రాదు. హకీం గారికి చెప్పి చూరణం ఆయనకే ఇచ్చేయి.

చెట్ల సంగతి నిజం. దగ్గర నిలబడి చూస్తే ఆకుల మీద ఉప్పు చెమటలా పడుతుంది. నాలుకతో రుచి చూశాను కూడా. ఈ మాట చిన్నయ్యకు చదవవద్దు.

సంతోషమైన కబురు. నాకు పని పెరిగింది. మా ప్లానింగ్ సాహెబ్ ఐరోపా మనిషి. వాళ్ల దేశం సగం సముద్రం కంటే పల్లంలో ఉందట. ఆయన చెప్పేదేమంటే, పొగలతో భూమి వేడెక్కుతోంది, వేడికి సముద్రం మెల్లగా పెరుగుతోంది. పెరిగితే మేం నాటిన చెట్లు మునిగి చస్తాయి. కానీ వాటి గింజలు నీళ్ల మీద తేలి వెనక్కి, నేల వైపు పోయి మొలుస్తాయి. అంటే ఈ అడవి నడుస్తుంది అక్కా, తరానికి నాలుగు అడుగులు. వెనక గోడో రోడ్డో అడ్డం ఉంటే ఎక్కడికి నడుస్తుంది? అందుకని వెనక జాగా ఖాళీగా వదలాలి. మొక్కలు నాటడం ఎవరైనా చేస్తారు, జాగా వదలడమే కష్టం అంటాడు సాహెబ్.

యాభై ఏళ్లకు సముద్రం ఎక్కడిదాకా వస్తుందో లెక్కగట్టి అక్కడ ఎర్ర జెండాలు పాతారు. వాటిని ఒంటెలు తింటున్నాయి. జెండా పోయిన చోట ఎవరో ఒకరు రేకుల షెడ్డు వేస్తున్నారు. కావలి కావాలన్నారు. సాహెబ్ నన్ను ఎంచుకున్నాడు. ఇప్పుడు నా పని ఆ జెండాల దగ్గర నిలబడటం. టోపీ, ఈల ఇచ్చారు.

ఇది చిన్నయ్యకు తప్పకుండా చెప్పు. బురద పని కాదు, కొలువు.

దేవిదాస్

30 మార్చి 1993
ఆర్మూర్

దేవిదాస్‌కు అక్క రాస్తున్నది. మాకు ఆరోగ్యాలు బాగున్నాయి, మర్యాద మాత్రం బాగాలేదు.

చిన్నయ్య పసుపు తెచ్చుకుని మార్కెట్‌కు వచ్చాడు. మీ బావ మంచి గిరాకీ చూపించి, చాయ తాగించి, మా ఇంటికి తీసుకొచ్చాడు. నువ్వు రాసినట్టే చెప్పాను.

"కావలా? దేనికి కావలి?"

"సముద్రానికి."

"సముద్రాన్ని ఎవలు ఎత్కపోతరమ్మా?"

"గా సముద్రం ఇంక రాలేదు మామా. వచ్చే జాగకు కావలి."

"ఎప్పుడొస్తదట?"

"యాభై ఏండ్లకు."

చిన్నయ్య మీ బావ వైపు చూశాడు. మీ బావ గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు.

"అప్పటిదాంక పిలగాడు ఏం చేస్తడు?"

"నిలబడుతడు."

నేను చెప్పింది తప్పా? నువ్వు రాసిందే చెప్పాను. ఆ మాట సాయంత్రానికల్లా మార్కెట్ అంతా తిరిగింది. సముద్రం పెరుగుతోందని చంద్రయ్య బామ్మర్ది కంపెనీ వాళ్లు కనిపెట్టారట అని మీ బావ పేరు మీదే మొదలై, సముద్రం వస్తోందట దగ్గర ఆగింది. గోదాముల దేవన్న మన ఇంటికి వచ్చి, గోదాం కింద ఉంచాలా, గుట్ట మీదికి మార్చాలా అని అడిగాడు. నాకు తెలియదన్నాను. తెలిసీ చెప్పడం లేదని కోపం చేసుకుని పోయాడు. మరునాడు గుట్ట మీద జాగా బేరం చేశాడట.

ధర్పల్లి జమీల్ మీ దగ్గరే నీళ్ల ట్యాంకర్ నడుపుతాడట. నిన్ను చూసి రమ్మని చిన్నయ్య అతనికి ఉత్తరం రాశాడు. వస్తే మర్యాద చేయి. కళ్లకు కట్టినట్టు అన్నీ చూపించు. నోటితో తక్కువ చెప్పు.

అక్క గంగాబాయి

25 ఏప్రిల్ 1993
క్యాంపు

అక్కా,

జమీల్ వచ్చి పోయాడు. అనుకున్నట్టు జరగలేదు.

వాడికి దొరికిన తీరిక మధ్యాహ్నం. ఆ రోజు మధ్యాహ్నానికి పోటు నిండుగా ఉంది. తోట చూపించమన్నాడు. తీసుకుపోయి చూపించాను. సముద్రం తప్ప ఏమీ లేదు.

"ఏడ ఉన్నయి భాయ్ చెట్లు?"

"కింద."

"కింద అంటే?"

"నీళ్ల కింద. చిన్నవి గదా, మునిగినయి. సాయంత్రం దాంక ఉంటే బయటికొస్తయి."

వాడికి ట్యాంకర్ తిరిగి ఇచ్చే వేళ అయిపోతోంది. సరే, నువ్వు కావలి కాసేది చూపించు అన్నాడు. జెండాల దగ్గరికి తీసుకుపోయాను. అక్కడ ఎండిన ఇసుక. ఒక ఒంటె పడుకుని ఉంది. నేను చేయి చాపి, "గిదంత సముద్రం" అన్నాను. నేను మంచి మాటగా, "నువ్వు నిలబడ్డ కాడ చేపలు తిరుగుతయి" అన్నాను. వాడు పక్కకు జరిగాడు.

నీళ్లున్న చోట చెట్లంటాడు, ఇసుకున్న చోట నీళ్లంటాడు అని వాడు లోపల అనుకుని ఉంటాడు. పోయేముందు నా నుదురు ముట్టి చూశాడు. ఖర్జూరాల పొట్లం చేతిలో పెట్టి, "ఎండల టోపీ తియ్యకు భాయ్" అని చెప్పి పోయాడు. మంచివాడు.

నువ్వు చెప్పినట్టే తక్కువ మాట్లాడాను.

దేవిదాస్

20 మే 1993
ఆర్మూర్

తమ్ముడికి,

నువ్వు మాట్లాడినది తక్కువే. మిగిలింది జమీల్ ఉత్తరంలో వచ్చింది. "పిలగాడు మంచోడు, గుణమంతుడు. గని దిమాగ్‌కు ఎండ తగిలింది" అని రాశాడట. చిన్నయ్య ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని వచ్చి, మాకు చదివి, మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. మంచి పిల్ల చేయి జారిపోతోందని నాకు ఏడుపొచ్చింది. వాళ్లది మనలాంటి ఇల్లు. ఆ పిల్ల బీడీలు చేస్తూ తల ఎత్తకుండానే నా ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పింది. అలాంటి పిల్ల మళ్లీ దొరకదు.

అందుకని ఒక పని చేశాను. నువ్వు ఆ కొలువు వదిలేశావని, పెద్ద హోటల్లో గడ్డి మైదానం చూసుకునే పనికి చేరావని చెప్పేశాను. గడ్డి అనగానే చిన్నయ్య ముఖం తేటపడింది. గడ్డి అందరికీ తెలుసు.

ఇప్పుడు నువ్వు చేయవలసింది, హోటల్లో ఉన్నానని, పచ్చగా ఉందని చిన్నయ్య పేరున రెండు ముక్కలు రాయడం. సముద్రం మాట రానివ్వకు. తీరితే నిజంగానే ఏదైనా హోటల్లో అడుగు. అబద్ధం నా తలకు చుట్టుకోకుండా ఉంటుంది.

మీ బావ నాతో మాట్లాడటం లేదు. ఆయన ఇరవై ఏళ్లుగా మార్కెట్లో తడి పసుపును పొడి పసుపని అమ్ముతున్నాడు. నా ఒక్క అబద్ధానికి నీతులు చెబుతున్నాడు.

అక్క

22 మే 1993
క్యాంపు

అక్కకు,

నీ జవాబు ఇంకా రాలేదు గాని, ఈ సంగతి చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

సాహెబ్ సెలవు మీద వాళ్ల దేశం పోయాడు. ఆయన పోయిన వారానికి బుల్‌డోజర్ వచ్చింది. వెనకే చల్లటి కారులో ఒక హోటల్ యజమాని. నా జెండాలున్న జాగాలోనే హోటల్ కడతాడట. జెండాలు పీకి సముద్రం వైపు పాతమన్నాడు. కుదరదన్నాను. ఆయనకు హిందీ వచ్చు.

"సముద్రం అంత దూరంలో ఉంటే నీకేమైంది?" అన్నాడు.

"వస్తుంది" అన్నాను.

"వచ్చినప్పుడు చూద్దాం."

"వచ్చినప్పుడు మీ హోటల్ అడ్డం ఉంటుంది. అప్పుడు సముద్రం ఎటు పోవాలి?"

ఆయన నవ్వి, నా భుజం తట్టి, నీలాంటి గట్టివాడు నాకే కావాలి, హోటల్లో గడ్డి మైదానం చూసుకునే పని ఇస్తాను, చల్లటి గది ఇస్తాను అన్నాడు. వద్దన్నాను. రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ వద్దన్నాను. ఈల ఊది బుల్‌డోజర్ ముందు కూర్చున్నాను. డ్రైవర్ పెషావర్ మనిషి, ఇంజను ఆపి నా పక్కనే కూర్చుని రొట్టె తిన్నాడు. ఆ రోజుకు పని ఆగింది.

నువ్వు సంతోషిస్తావని తెలుసు. మన వాళ్లెవరూ మాట తప్పే మనుషులు కాదు.

దేవిదాస్

15 జూన్ 1993
ఆర్మూర్

దేవిదాస్‌కు,

నీ ఉత్తరం చదివి పొయ్యి మీద పాలు పొంగిపోయేదాకా అలాగే కూర్చున్నాను. నేను ఊళ్లో నీకు ఇప్పించిన కొలువును నువ్వు అక్కడ రెండుసార్లు వద్దన్నావు. దేవుడు మనిద్దరి ఉత్తరాలనూ ఒకేసారి చదువుతూ నవ్వుకుని ఉంటాడు.

ఆ పూటే నీలవ్వ వచ్చింది. బీడీలకు తునికాకు ఇచ్చే కార్ఖానా పని మీద తల్లితో ఆర్మూర్‌కు వచ్చి, తల్లిని అక్కడ కూర్చోబెట్టి ఒక్కతే మన ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చాప మీద కూర్చుని నన్ను వదినె అన్నది. ఇంకా ఏమీ కుదరలేదు గదా, అక్కా అంటే సరిపోయేది. నేను దిద్దలేదు.

"వదినె, ఆయన హోటల్ల లేడు గదా" అన్నది.

నా చేతిలో నీ ఉత్తరం ఉంది. దాచడానికి సందు లేదు. నీ ఉత్తరాలన్నీ ఆమె ముందు పెట్టాను. మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఒంటె దగ్గర కూడా నవ్వలేదు.

"మీ తమ్ముడు అబద్ధం ఆడుతడా?"

"వానికి రాదు పిల్లా. గదే నా బాధ."

అప్పుడు చెప్పింది. వాళ్లమ్మ పుట్టిన ఊరు పోచంపాడ్ డ్యాం నీళ్లలో మునిగిందట. నీళ్లు రాకముందే ఆఫీసు వాళ్లు వచ్చి వాళ్ల తాత చేను మధ్యలో ఒక రాయి పాతి, ఇక్కడిదాకా వస్తుందని చెప్పారు. రాయి దగ్గర ఒక మనిషిని కావలి పెట్టారు. గోదావరి ఎక్కడో కంటికి కానరాని దూరంలో ఉంది.

"మా తాత గా మనిషికి రోజు జొన్న గట్క పోసి, రోజు నవ్విండట. ఏదయ్యా నీ నీళ్లు, ఏడిదాంక వచ్చినయి అనుకుంట. ఊరంత నవ్విండ్రు. ఎవ్వలు ఇల్లు ఖాళీ చెయ్యలే. ఒక వానకాలం నీళ్లు రాయి దాంక వచ్చి ఆగినయి. చెప్పినకాడికే. గప్పుడు మా తాత బర్రెలను ఇడిసి, బొంతలు నెత్తిన పెట్టుకొని ఉరికిండు. గా కావలి మనిషి ఏమైండో, వాని పేరేందో, మా ఇంట్ల ఎవ్వలకు తెల్వదు వదినె. అన్నం పెట్టిండ్రు గని పేరు అడుగలే."

చాయ తాగి, కప్పు కడిగి పెట్టి పోయింది.

ఆమె నమ్మింది గాని తండ్రి నమ్మలేదు. హోటల్ మాట అబద్ధమని ఆమే చెప్పేసింది. ఆయన నా మీద కేకలు వేసి, వేళ్ల మీద లెక్క చెప్పాడు. "ఇప్పుడు పిలగానికి ఇరవై ఎనిమిది. యాభై కలిపితే డెబ్బై ఎనిమిది. డెబ్బై ఎనిమిదేండ్ల దాంక నిలబెట్టే కొలువు ఈ భూమ్మీద లేదు. గది కొలువు కాదు, శిక్ష."

దానికి జవాబు నీ దగ్గర ఉందా?

అక్క

9 జూలై 1993
క్యాంపు

అక్కా,

ఆ అమ్మాయి తాత సంగతి నాలుగుసార్లు చదువుకున్నాను. ఇక్కడ నిలబడ్డప్పుడు అదే గుర్తొస్తోంది.

సాహెబ్ తిరిగి వచ్చాడు. పెద్ద అధికారులు ఇసుకలో డేరా వేసి, అందులో ఫ్యాన్లు పెట్టి సభ చేశారు. హోటల్ యజమాని ఒక పక్క, సాహెబ్ ఒక పక్క. జెండాలు ఎవరైనా కదిపారా అని నన్ను అడిగారు. ఒంటెలు తప్ప ఎవరూ కదపలేదని చెప్పాను. సాయంత్రం దాకా మాట్లాడి రాజీ చేశారు. జాగాలో సగం హోటల్‌కు, సగం సముద్రానికి. హోటల్ తరఫున యజమాని సంతకం పెట్టాడు. సముద్రం తరఫున సాహెబ్ పెట్టాడు. సగానికి ఒప్పుకునే రకం కాదు సముద్రం, నేను దాన్ని మోసం చేశాను అని తర్వాత నాతో అన్నాడు.

ఇంకొకటి. సాహెబ్ కొత్త లెక్కలు తెచ్చాడు. యాభై ఏళ్లకు కాదట, ముప్పైకే వస్తుందట. ఇది ఆయనకు చాలా బాధగా ఉంది. ఈ మాట ధర్పల్లికి చేరనివ్వకు. ఉన్న కొలువు కూడా ఇరవై ఏళ్లు తగ్గిందంటారు.

దేవిదాస్

4 సెప్టెంబర్ 1993
ఆర్మూర్

పెళ్లికొడుకు దేవిదాస్‌కు అక్క గంగాబాయి దీవించి రాస్తున్నది.

ధర్పల్లికి చేరింది. నీ ఉత్తరాలు ఇప్పుడు నాకంటే ముందు నీలవ్వ చదువుతోంది. శనివారం శనివారం వస్తోంది, పోస్టుమాన్‌కు కూడా తెలిసిపోయింది.

ఆమె ముప్పై మాట తండ్రికి చెప్పిన రోజు చిన్నయ్య అన్నం మధ్యలో చేయి ఆపి, మళ్లీ వేళ్లు మడిచాడట. ఇరవై ఎనిమిదికి ముప్పై కలిపితే యాభై ఎనిమిది. ఇంకోసారి మడిచి చూసుకున్నాడట. యాభై ఎనిమిదే. చేయి కడుక్కుని నేరుగా బస్సెక్కి మన ఇంటికి వచ్చాడు.

"ముందుగాల్నే చెప్పద్దామ్మా? సర్కారు కొలువుకు సుత యాభై ఎనిమిదికే రిటైరు. గల్ఫుల ఎవన్ని చూసిన రెండేండ్లకు వాపస్ వస్తుండ్రు. గీ పిలగానిది పర్మినెంటు" అన్నాడు.

మీ బావ నోరు తెరవబోతే కాలు తొక్కాను.

కార్తీకంలో ముహూర్తం. నెల సెలవు పెట్టుకుని రా. నువ్వు లేనప్పుడు హోటల్ వాడు జరుగుతాడేమో అని వంకలు రాయకు. సముద్రానికి ముప్పై ఏళ్ల గడువుంది, నీకు లేదు.

అక్క

15 మార్చి 1994
క్యాంపు

అక్కకు, బావకు, నీలవ్వకు.

తిరిగి వచ్చిన సంగతి ముందే రాశాను. అన్నీ రాయలేదు. పెళ్లి ముచ్చట్లు మీ నోట్లో ఉండగానే ఎందుకని ఆగాను.

నేను ఊళ్లో ఉన్న నెలలో హోటల్ వాళ్లు గోడ కట్టేశారు. వాళ్ల సగం దాటి మన సగంలోకి కొంత జరిగారు. సాహెబ్ కాగితాలు పట్టుకుని తిరిగి తిరిగి విసిగి, వేరే దేశానికి మారిపోయాడు. పోయేముందు గోడ దగ్గరికి పోయి, దాని మీద చేయి వేసి, పాపం అన్నట్టు నిమిరాడు. నన్ను తీసేయాలని ఎవరికీ గుర్తులేదు, అందుకని ఉంచారు. మిగిలిన జెండాల దగ్గర రోజూ నిలబడుతున్నాను. హోటల్ కిటికీల్లోంచి జనం చూస్తుంటారు. పిల్లలు చేయి ఊపుతారు.

ముందు నాటినవి నడుము దాకా ఎదిగాయి. పోటులో కూడా ఇప్పుడు తలలు కనబడుతున్నాయి. కొంగలు వచ్చాయి, పీతలు బొరియలు చేశాయి. జమీల్ ఒకరోజు తీరిక చేసుకుని పాటు వేళ వచ్చాడు. ఒడ్డు పొడవునా నడిచి చివరిదాకా చూసి వచ్చాడు. "మాఫ్ చెయ్ భాయ్" అన్నాడు. దేనికి అన్నాను.

అసలు సంగతి ఇది. మొన్న అమావాస్య. ఈ రోజుల్లో అమావాస్య పోటు ఏడాదిలోకెల్లా పెద్దది, దానికి తోడు ఆ పొద్దున గాలి సముద్రం వైపు నుంచి తోసింది. నేను టోపీ పెట్టుకుని నిలబడి ఉన్నాను. నీళ్లు చెట్లు దాటి, ఖాళీ ఇసుక మీదికి వచ్చాయి. ఎన్నడూ రానంత దూరం. అలలు లేవు, చప్పుడు లేదు. చాప పరిచినట్టు వస్తూనే ఉన్నాయి. ముందర నురగ, నురగలో పచ్చటి మడ గింజలు. నీళ్లు జెండా కర్రను చుట్టాయి. నా కాళ్ల దగ్గరికి వచ్చి ఆగాయి.

ఈల ఊదాలా అనిపించింది. ఎవరిని పిలవాలో తెలియలేదు. సాహెబ్ లేడు. హోటల్లో అందరూ పలహారం తింటున్నారు.

అదే పని అక్కా, ఏడాదిగా నేను చేస్తున్నది. ఆ జాగా దానికోసమే ఉంచాను.

పక్కకు జరిగి దారి ఇచ్చాను.

నీ తమ్ముడు
దేవిదాస్